బొగ్గు ధూళి లెక్క రాసేది ఎవరు?

విశాఖపట్నంలో బొగ్గు గని లేదు. అయినా బొగ్గు లేకుండా ఈ ఊరికి ఒక్క రోజు గడవదు. ఉక్కు కర్మాగారానికి కావలసిన కోకింగ్ బొగ్గులో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రానికి ఒడిశాలోని తాల్చేరు గనుల బొగ్గు రైళ్లలో చేరుతుంది. రేవులో దిగిన సరుకు గుట్టలుగా పడి, మళ్లీ వ్యాగన్లకెక్కి ఊరి మధ్య నుంచే లోపలి ప్రాంతాలకు పోతుంది. కిటికీ గట్టు మీద వేలితో గీస్తే నల్లటి చార పడుతోందని పాతనగరం, జ్ఞానాపురం వైపు జనం ఏళ్లుగా చెబుతున్నారు. ఆ మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒక అంకె దగ్గర ఆగుతుంది. ధూళి పరిమితి లోపల ఉందా, దాటిందా?

ఈ అంకెను నమ్మాలా వద్దా అని తేల్చుకోవాలంటే బొగ్గు ధూళిని కొలవడం మనుషులు ఎక్కడ, ఎందుకు నేర్చుకున్నారో తెలియాలి. నేర్చుకున్నది గనుల్లోనే. ఆ చరిత్ర చదివినకొద్దీ నాకు ఒక విషయం బలంగా కనిపించింది. గాలిలో ధూళి ఎంత ఉందన్నదానికి జవాబు, కొలిచింది ఎవరు, ఏ పూట, ఎక్కడ నిలబడి అన్నదాన్ని బట్టి మారిపోతూ వచ్చింది. ఊపిరితిత్తులు మాత్రం అసలు లెక్కను తప్పు లేకుండా రాసుకుంటూ పోయాయి.

బొగ్గు ధూళి రెండు రకాలుగా చంపుతుంది. మొదటిది పేలుడు. 1906 మార్చి 10న ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనిలో ధూళి అంటుకుని 1,099 మంది చనిపోయారు. మన దేశంలో 1965 మే 28న ధోరీ గనిలో జరిగిన పేలుడు 268 మందిని బలి తీసుకుంది. రెండోది ఊపిరితిత్తుల జబ్బు. పేలుడు ఒక్క పూటలో ప్రాణాలు తీస్తుంది కాబట్టి ప్రభుత్వాలు దానికి ముందు మేలుకున్నాయి. గని దారుల్లో సున్నపురాయి పొడి చల్లి బొగ్గు ధూళి అంటుకోకుండా చూడడం అలా వచ్చిందే. ఊపిరితిత్తుల జబ్బుకు ఇరవై ఏళ్లు పడుతుంది. అప్పటికి మనిషి పని మానేసి ఇంటి అరుగు మీద కూర్చుని ఆయాసపడుతుంటాడు. అతని పేరు ఏ ప్రమాదం జాబితాలోనూ ఉండదు.

పైగా, చాలాకాలం ఆ జబ్బును జబ్బుగానే ఒప్పుకోలేదు. స్కాట్లాండ్ గని కార్మికులు నల్లకఫం ఉమ్ముతున్నారని పంతొమ్మిదో శతాబ్దపు వైద్యులు రాశారు. అయినా ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జె.ఎస్. హాల్డేన్ అంతటి శాస్త్రవేత్త బొగ్గు ధూళి పెద్దగా హాని చేయదని వాదించారు. గనుల్లో విషవాయువుల గురించి ఎన్నో ప్రాణాలు కాపాడిన పరిశోధన చేసిన మనిషి ఆయన. అంత గౌరవం ఉన్న గొంతు కావడం వల్లనే ఆ పొరపాటుకు ఖరీదు ఎక్కువైంది. రాతి ధూళిలోని సిలికా హానికరమని అప్పటికే తెలుసు. అందుచేత రాయి తొలిచినవాడికి పరిహారం దొరికే అవకాశం ఉండేది. బొగ్గు తవ్వినవాడికి అదీ లేదు. దక్షిణ వేల్స్ గనుల్లో వైద్య పరిశోధన మండలి సర్వే చేశాక, 1943లో బ్రిటన్ బొగ్గు కార్మికుల న్యూమోకోనియోసిస్‌ను, అంటే ధూళి పీల్చడం వల్ల వచ్చే ఈ ఊపిరితిత్తుల జబ్బును, పరిహారం ఇవ్వదగినదిగా గుర్తించింది.

జబ్బు ఉందని ఒప్పుకున్నాక, ఎంత ధూళి ఎన్నేళ్లు పీలిస్తే వస్తుందో తేల్చాల్సి వచ్చింది. తొలినాటి పరికరాలు ధూళిని గాజు పలక మీద పట్టేవి. సూక్ష్మదర్శిని కింద రేణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవారు. కళ్లు అలసిపోతే లెక్క మారేది. ఆ తరువాత తెలిసిందేమంటే, జబ్బుకు రేణువుల సంఖ్య కన్నా వాటి మొత్తం బరువుతో దగ్గరి సంబంధం ఉంది. అదీ అన్ని రేణువుల బరువు కాదు. కంటికి కనిపించే ముతక దుమ్మును ముక్కు, గొంతు చాలావరకు ఆపేస్తాయి. సుమారు ఐదు మైక్రాన్ల లోపు సన్నటి ధూళి, అంటే తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేనిది, ఊపిరితిత్తుల చివరి గాలి సంచుల దాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది. 1959లో జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన సదస్సు ఈ సన్నధూళికి కొలమానాన్ని స్థిరపరిచింది. కిటికీ గట్టు మీది నల్ల చార గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ చారలో ఎక్కువ భాగం ముతక దుమ్మే. అది కోపం తెప్పిస్తుంది, తెప్పించాలి కూడా. ఊపిరితిత్తుల లోపలికి చేరేది మాత్రం కంటికి కనబడనిది. అందుకే కొలత కావాలి, అందుకే ఆ కొలత నిజాయితీగా ఉండాలి.

చట్టం రూపంలో గట్టి పరిమితి అమెరికాలో వచ్చింది. 1968 నవంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర గని కార్మికులు నల్ల ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారం కోరుతూ సమ్మె చేశారు. 1969 చివర్లో వచ్చిన గనుల చట్టం ఘనపు మీటరు గాలిలో సన్నధూళి 3 మిల్లీగ్రాములు మించకూడదని, మూడేళ్లలో దాన్ని 2కు తగ్గించాలని చెప్పింది. కార్మికుడి చొక్కాకు చిన్న పంపు తగిలించి, అది పీల్చిన గాలిని సుడి తిప్పి ముతక దుమ్ము వేరుచేసి, సన్నధూళిని వడపోత కాగితం మీద పట్టి తూచడం పద్ధతిగా మారింది.

చట్టం మంచిదే. కానీ నమూనాలు తీసి పంపే పనిని చాలావరకు గని యాజమాన్యానికే అప్పగించింది. సరుకు అమ్మేవాడే తూకం వేసేవాడైతే తక్కెడ ఎటు మొగ్గుతుందో సంతకు వెళ్లిన ప్రతివారికీ తెలుసు. 1991లో అమెరికా కార్మిక శాఖ సుమారు 4,700 నమూనాల మధ్యలో తెల్లటి మచ్చలు కనిపించాయని, ఎవరో గాలి ఊది ధూళిని ఎగరగొట్టి ఉంటారని ప్రకటించింది. దాదాపు 500 కంపెనీల మీద ఆరోపణలు వచ్చాయి. ఆ మచ్చలు కావాలని చేసినవేనని తరువాతి విచారణలో ప్రభుత్వం నిరూపించలేకపోవడంతో చాలా కేసులు వీగిపోయాయి. ఇది కూడా చెప్పడం న్యాయం. అయితే 1998లో లూయీవిల్ నగరపు కొరియర్-జర్నల్ పత్రిక వందలాది కార్మికులతో మాట్లాడి వరస కథనాలు రాసినప్పుడు మోసం ఎలా జరుగుతోందో వాళ్ల నోటనే బయటపడింది. పంపును శుభ్రమైన గాలి వచ్చే దారిలో వేలాడదీసేవారు. కోటు లోపల దాచేవారు. అన్నం డబ్బాలో పెట్టి మూసేవారు. పని పోతుందన్న భయంతో కార్మికులూ చాలాసార్లు నోరు మెదపలేదు. 2018లో కెంటకీలోని రెండు గనుల నమూనాల్లో మోసం జరిగిందంటూ ఒక కంపెనీ అధికారుల మీద క్రిమినల్ అభియోగాలు నమోదయ్యాయి. అంటే యాభై ఏళ్లయినా ఆ అలవాటు పోలేదు.

మోసం లేనిచోట కూడా నియమంలోనే సందులున్నాయి. ఐదు నమూనాల సగటు తీసేవారు కాబట్టి, దుమ్ములో మునిగిన ఒక షిఫ్టు నాలుగు మంచి షిఫ్టుల వెనక దాక్కునేది. మామూలు ఉత్పత్తిలో సగం జరిగిన రోజున తీసిన నమూనా కూడా చెల్లేది. 2014 నిబంధనలు ఈ సందులను చాలావరకు మూశాయి. నమూనా తీసే రోజు ఉత్పత్తి కనీసం 80 శాతం ఉండాలన్నాయి. తనిఖీ అధికారి తీసిన ఒక్క షిఫ్టు నమూనాతోనే ఉల్లంఘనను తేల్చవచ్చన్నాయి. 2016 ఆగస్టు నుంచి పరిమితి 1.5 మిల్లీగ్రాములకు దిగింది. అదే ఏడాది ఫిబ్రవరి నుంచి కార్మికుడు ఒంటి మీద ధరించే నిరంతర కొలత యంత్రం తప్పనిసరి అయింది. అందులోని వడపోత ఒక సన్నటి గొట్టం కొన మీద కంపిస్తూ ఉంటుంది. దాని మీద ధూళి చేరి బరువు పెరిగేకొద్దీ కంపనం నెమ్మదిస్తుంది. ఆ తేడా నుంచి యంత్రం బరువును లెక్కకట్టి అంకెను తెర మీద చూపిస్తుంది. అంతకుముందు వడపోత కాగితం ప్రయోగశాలకు వెళ్లి ఫలితం వచ్చేసరికి రోజులు, వారాలు గడిచేవి. ఈలోగా ఆ గాలిని ఎందరో పీల్చేసేవారు. ఈ యంత్రంతో పని చేస్తున్న మనిషే పని మధ్యలో తాను పీలుస్తున్నదెంతో చూసుకోగలిగాడు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే మలుపు ఇదే.

అయినా ఆలస్యం ఆలస్యమే. వర్జీనియాలోని మూడు చికిత్సా కేంద్రాల్లో ముదిరిన దశ జబ్బుతో 416 మంది ఉన్నారని 2018లో పరిశోధకులు ప్రకటించారు. పొరలు సన్నబడడంతో యంత్రాలు బొగ్గుతో పాటు రాయినీ కోస్తున్నాయని, సిలికా పెరిగిందని నిపుణులు అన్నారు. ఇక ఆస్ట్రేలియా సంగతి మన ఊరికి ఇంకా దగ్గరిది. జబ్బు పూర్తిగా పోయిందనుకున్న క్వీన్స్‌లాండ్‌లో 2015లో అది మళ్లీ బయటపడింది. 2017లో అక్కడి చట్టసభ కమిటీ నివేదిక వచ్చింది. కార్మికుల ఎక్స్‌రేలు చూసి జబ్బును పట్టుకోవలసిన వ్యవస్థే విఫలమైందని తేలింది. కోకింగ్ బొగ్గుకు పేరుమోసిన రాష్ట్రం అది. మన కొలిమిలో మండే బొగ్గు వెనక అలాంటి గనుల గాలి ఉంది.

మన దేశంలో కాగితం మీద చట్టం వెనకబడి లేదు. న్యూమోకోనియోసిస్ 1952లోనే గనుల చట్టం కింద తెలియపరచవలసిన జబ్బుల్లో చేరింది. అది సోకిందని తెలిస్తే యాజమాన్యం, చూసిన వైద్యుడు గనుల భద్రతా విభాగానికి నివేదించాలి. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లో 123వది ధూళి గురించే. సవరణల తరువాత అది ఎనిమిది గంటల సగటుకు 3 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. ధూళిలో సిలికా 5 శాతం దాటితే 15ను ఆ శాతంతో భాగించాలి. సిలికా 10 శాతం ఉంటే పరిమితి ఒకటిన్నరకు పడిపోతుందన్నమాట. కొలత ఆరు నెలలకు ఒకసారి. ఫలితం పరిమితిలో సగం దాటితే మూడు నెలలకు, ముప్పాతిక దాటితే నెలకు ఒకసారి కొలవాలి. 2017లో నిబంధనలను తిరగరాశారు. కొలిచే బాధ్యత మాత్రం యాజమాన్యం మీదనే ఉండిపోయింది.

ఆరు నెలలకు ఒక రోజు. మిగతా రోజుల గాలి ఎవరి లెక్కలోకీ రాదు. ఒకప్పుడు తట్టా చెమ్మస్‌తో, అంటే గంప, పారతో, బొగ్గు ఎత్తిన గనుల్లో ఇప్పుడు యంత్రాలు కోస్తున్నాయి. నీళ్లు సరిగా చల్లకపోతే ఒక్క షిఫ్టులోనే గాలి మారిపోతుంది. వైద్య పరీక్ష ఐదేళ్లకు ఒకసారి చేయాలని 1955 గనుల నియమాలు చెప్పాయి. కానీ ఈ జబ్బు పని మానేశాక కూడా ముదురుతుంది. పదవీ విరమణ చేసి ఊరికి వెళ్లిపోయిన మనిషి ఎక్స్‌రే గని ఆసుపత్రికి చేరదు. చేరని జబ్బు లెక్కకెక్కదు. లెక్క తక్కువగా ఉందంటే జబ్బు తక్కువగా ఉందని అనుకోవడానికి నా మనసు ఒప్పుకోదు.

ఇప్పుడు మళ్లీ రేవు దగ్గరికి వద్దాం. మధ్య భారతపు మాంగనీసు ఎగుమతి కోసం కట్టిన విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. ఖనిజం ఎత్తడం, దించడం దాని పుట్టుకలోనే ఉంది. బొగ్గును గనిలో కోసినప్పుడే కాక, క్రేను నుంచి జారవిడిచినా, గుట్ట మీద గాలి వీచినా, వ్యాగనులో నింపినా సన్నధూళి లేస్తుంది. కానీ ఓడ నుంచి బొగ్గు దించే కూలీకి గనుల నిబంధన వర్తించదు. రేవు కార్మికులకు 1986 నాటి వేరే చట్టం ఉండేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ గనుల చట్టాన్ని, రేవు కార్మికుల చట్టాన్ని, మరో పదకొండు చట్టాలను కలిపేసింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఒకే బొగ్గును తాకే ఇద్దరు కార్మికులు ఇప్పుడు ఒకే గొడుగు కిందికి వచ్చారు. గని కార్మికుడి చొక్కాకు తగిలించే పంపు రేవు కార్మికుడి చొక్కాకూ తగిలించమని అడగడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు.

ఊరి జనానికి కొలమానం వేరు. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం పది మైక్రాన్ల లోపు ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. అమెరికా గని పరిమితి 1.5 మిల్లీగ్రాములంటే 1,500 మైక్రోగ్రాములు. అదీ ఇంకా సన్నటి ధూళికి. గని కార్మికుడు ఎనిమిది గంటల పాటు పదిహేను రెట్లు పీల్చవచ్చని చట్టం ఒప్పుకుంటోంది. ఈ తేడా చూసి ఊరి గాలి బాగుందని ఊరట చెందకూడదు. గనిలోకి దిగేది వైద్య పరీక్షలో నెగ్గిన పెద్దవాళ్లు. ఊళ్లో పసిపిల్లలు, ఉబ్బసం ఉన్న ముసలివాళ్లు ఇరవై నాలుగు గంటలూ అదే గాలిలో ఉంటారు.

విశాఖ చుట్టూ కొండలు, ముందు సముద్రం. యారాడ కొండకూ సింహాచలం కొండలకూ మధ్య గిన్నెలాంటి పల్లంలో పరిశ్రమలు, రేవు, ఇళ్లు అన్నీ ఇరుక్కున్నాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలను పరీక్షించి 43ను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా ప్రకటించింది. విశాఖ అందులో ఉంది. 2019 నాటి జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలోనూ ఉంది. అయితే ఊళ్లోని కొలత కేంద్రం ధూళి మొత్తాన్ని చెబుతుంది. అందులో బొగ్గు ఎంత, రోడ్డు మట్టి ఎంత, సముద్రపు ఉప్పు ఎంత అన్నది దానంతట అది చెప్పదు. వడపోత కాగితాన్ని రసాయన పరీక్షకు పంపితేనే తెలుస్తుంది. నల్ల చార ఎవరిదన్న తగువు అలా తేలాల్సిందే.

అమెరికాలో ధూళి నమూనాల ఫలితాన్ని గని నోటీసు బోర్డు మీద పెట్టాలన్న నియమం ఉంది. షిఫ్టుకు వచ్చినవాడు లోపలికి వెళ్లే ముందు చదువుకోవచ్చు. రేవు గేటు దగ్గర, సింగరేణి గనుల ముందు, జ్ఞానాపురం కూడలిలో నిన్నటి ధూళి అంకె తెలుగులో రాసి ఉన్న పలక ఒకటి పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. దాని కింద ఆ కొలత తీసిందెవరో, ఏ గంటకు తీశారో కూడా రాయాలి.