చెలమకు చిక్కనిది

బడిలో దిగిన గ్రూపు ఫొటోల్లో నేను ఒక్కదాంట్లోనూ నవ్వలేదు. నేనే కాదు, మా బెంచీలో సగం మంది నోరు మూసుకునే నిలబడ్డారు. మాది మర్రిగూడ దగ్గర పల్లె. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు మాకు పుట్టుమచ్చల్లాంటివి. వేరే జిల్లాకు పెళ్లికి పోతే నోరు తెరవగానే ‘నల్గొండోళ్లా?’ అని పోల్చేసేవారు. మా బోరు నీళ్లు మాత్రం అద్దంలా ఉండేవి. బిందె అడుగున పడ్డ పావలా పైనుంచి కనిపించేది. ఆ నీళ్లలో కరిగి ఉన్న ఫ్లోరైడ్ వల్లే మా వాడకట్టులో ఇద్దరికి నలభై దాటకముందే నడుము వంగి చేతికి కర్ర వచ్చింది.

నీళ్లు తేటగా ఉంటే మంచివే అన్న నమ్మకం మా జిల్లాలో ఎప్పుడో పోయింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీకి దిగారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. అందులో ఎక్కువమంది నిలబడింది గెలవడానికి కాదు, ఈ నీళ్ల గోడు దేశానికి వినిపించడానికి. నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతి కనిపెడితే దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. టాంజానియా, ఇథియోపియాల్లో కూడా ఆ పేరు తెలుసు. ఒక జిల్లాకు ఇంతకంటే దిక్కుమాలిన కీర్తి ఉంటుందా?

ఇలాంటి ఊళ్లో పుట్టినవాణ్ని కాబట్టి, ఒక ఎండాకాలం అచ్చంపేట దాటి, యురేనియం కోసం కేంద్రం కన్నేసిన అమ్రాబాద్ గుట్టల మీద ఒక చెంచు పెంటకు పోయినప్పుడు కూడా నా చూపు ముందు నీళ్ల మీదే పడింది. (మైదానంలో పెంట అంటే ఎరువు దిబ్బ. నల్లమలలో పెంట అంటే ఊరు. చెంచుల ముందు ఈ మాట మీద జోకు వేసి నేను ఒకసారి నాలుక కరుచుకున్నాను.)

వాగు ఎండిపోయింది. ఒక బండ కింద మాత్రం మోకాలి లోతు మడుగు, పచ్చటి నాచుతో మిగిలి ఉంది. నీళ్లకొచ్చిన అవ్వ ఆ మడుగు మొహం కూడా చూడలేదు. పది అడుగుల అవతల ఇసుకలో కూర్చుని రెండు చేతులతో తోడడం మొదలుపెట్టింది. మోచేతి లోతుకు పోయేసరికి గుంత అడుగు తడిసింది, తర్వాత నీళ్లు ఊరాయి. మొదట వచ్చినవి బురద నీళ్లు. చెంబుతో తోడి పారబోసింది. మళ్లీ ఊరాయి, మళ్లీ పారబోసింది. మూడోసారి నేను చెంబు ముంచబోతే చెయ్యి అడ్డం పెట్టి, “ఆగు బిడ్డా, తేరనియ్యి” అంది. కాసేపటికి ఇసుక రేణువులు లెక్కపెట్టగలిగేంత తేట నీళ్లు నిలిచాయి. బిందె నిండాక గుంతకు ఒక పక్క ఇసుకను ఏటవాలుగా చదును చేసింది, పిట్టలు దిగి తాగడానికట.

అదే చెలమ. పట్నంలో నీళ్లను ఇసుక పొరల గుండా వడకట్టడానికి ఫిల్టర్ బెడ్లు కడతారు, ఈ అవ్వ ఆ ఫిల్టర్‌ను రోజూ చేత్తో తవ్వుకుంటుంది. మడుగులోని నీరు పది అడుగుల ఇసుకలో నెమ్మదిగా నడిచి వచ్చేసరికి మట్టి ఆగిపోతుంది, నాచు ఆగిపోతుంది, సూక్ష్మజీవుల్లో చాలా భాగం రేణువులకు అతుక్కుని మిగిలిపోతుంది. నీళ్లలో కరిగిపోయినవి మాత్రం ఆగవు. ఇసుక రేణువుల మధ్య సందు మూడు మీటర్ల గడి వాకిలి అనుకుంటే, బాక్టీరియా అందులోంచి పోయే చిన్న నిమ్మకాయ. ఫ్లోరైడో యురేనియమో అయాన్‌గా కరిగి ఉంటే అది గాల్లో తేలే దుమ్ము రేణువంత. ఏ కాపలావాడూ దాన్ని పట్టలేడు.

మరి చెంచులకు మా పళ్లు ఎందుకు రాలేదు? నీళ్లలో కరిగిన ఉప్పులు మొత్తం ఎన్నో చూపించే టీడీఎస్ మీటరు జేబులో ఉంటే, ఆ చెలమలో ముంచి చూశాను. మా ఇంటి బోరు నీళ్లు చూపించే అంకెలో పదో వంతు కూడా లేదు. దీనికి కారణం ఇసుక కాదు, అంతకుముందు ఆ నీరు నడిచి వచ్చిన రాయి. అమ్రాబాద్ పీఠభూమి పైపొర క్వార్ట్‌జైట్. అంటే కోట్ల ఏళ్ల కిందటి ఇసుకే గట్టిపడి రాయైంది. అది దాదాపు అంతా సిలికా. వాననీరు దాని పగుళ్లలో ఎన్నాళ్లు తిరిగినా ఆ రాయి నీళ్లకు ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఉమామహేశ్వరంలో కొండచరియ నుంచి చుక్కచుక్కగా పడేదీ, మల్లెలతీర్థంలో, సలేశ్వరంలో లోయలోకి దూకేదీ ఈ రాతి నీరే. మాది గ్రానైట్ నేల. గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి, కొద్దిపాళ్లలో యురేనియమూ ఉంటుంది. కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీరు ఆ రాయిలో ఏళ్ల తరబడి నిలిస్తే ఫ్లోరైడ్ కరిగి వస్తుంది. బైకార్బొనేట్ యురేనియంను కూడా పట్టుకుని నీళ్లలో తిప్పగలదు. నల్గొండ జిల్లాలో గని ఒక్కటీ తెరవకముందే కొన్ని బావుల్లో యురేనియం హద్దు దాటి ఉన్నట్టు అధ్యయనాల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ఆ హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు.

ఒక ముక్క ఇక్కడే చెప్పుకోవాలి. యురేనియం అనగానే అందరూ క్యాన్సర్, అణుబాంబు అంటారు. తాగే నీళ్లలో అది ముందు దెబ్బ తీసేది మూత్రపిండాలను, అదీ రేడియేషన్‌తో కాదు, సీసంలాగా ఒక భారలోహపు విషంగా. భయం పుట్టించడానికి పెద్ద మాటలు వాడితే అవతలివాళ్లు ఆ పెద్ద మాటను కొట్టేసి, అసలు సంగతిని కూడా దాంతోపాటే కొట్టేస్తారు.

ఇప్పుడు పై క్వార్ట్‌జైట్‌నూ కింది గ్రానైట్‌నూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. నాగార్జునసాగర్ వైపున్న లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల ప్రాంతాల్లో యురేనియం ఖనిజం దొరికింది సరిగ్గా ఈ రెండు కలిసే గీత దగ్గరే. పగుళ్లలో కిందికి దిగిన నీరు నెమ్మదించేదీ, పక్కకు తిరిగేదీ కూడా ఆ గీత దగ్గరే. అంటే నిధి, నీళ్లు ఒకే అరలో ఉన్నాయి. 2019లో అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అప్పుడు వార్తల్లో వచ్చిన లెక్క 4,000 బోరు రంధ్రాలు, అంటే చదరపు కిలోమీటరుకు దాదాపు 48. ‘ఇది తవ్వకం కాదు, అన్వేషణే కదా’ అని చాలామంది నాతోనే అన్నారు. బోరు వేసిన ఇంట్లో పుట్టినవాడెవడూ ఆ మాట అనడు. పక్కవాడు బోరు దింపితే మన బావి ఎండిపోయిన కథలు మన పల్లెల్లో కొల్లలు. క్వార్ట్‌జైట్‌ను చీల్చుకుని గ్రానైట్‌లోకి దిగే ప్రతి రంధ్రమూ పై నీళ్లకూ కింది నీళ్లకూ మధ్య వేసిన నిచ్చెన. రంధ్రాన్ని సిమెంటుతో బాగా పూడిస్తే ప్రమాదం తగ్గుతుంది. నాలుగు వేల రంధ్రాలు అడవిలో బాగా పూడ్చారా లేదా అని చూసేదెవరు?

అమ్రాబాద్, పదర మండలాల జనం, చెంచులు ఆ ఏడాది రోడ్డెక్కారు. సినిమావాళ్లు ట్వీట్లు పెట్టాక హైదరాబాద్‌కూ వినిపించింది. సెప్టెంబర్‌లో రాష్ట్ర శాసనసభ నల్లమలలో యురేనియం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఫొటోలు సినిమావాళ్లవి పడ్డాయి. అంతకు పదహారేళ్ల ముందు, 2003లో, సాగర్ ఒడ్డున లంబాపూర్–పెద్దగట్టు గని మీద బహిరంగ విచారణ పెడితే తండాల లంబాడీలు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎదురు తిరిగారు. అప్పటికి ట్విటర్ పుట్టనే లేదు. అమ్రాబాద్ గుట్టల మీద పడ్డ వాన దిండి వాగులోకి దొర్లినా, నేరుగా కృష్ణలోకి దొర్లినా చివరికి చేరేది నాగార్జునసాగర్‌కే. సాగర్ నుంచి ఎత్తిపోసి అక్కంపల్లి రిజర్వాయర్‌లో నింపి హైదరాబాద్‌కూ, మా ఫ్లోరైడ్ ఊళ్లకూ ఇస్తున్నారు. ఫ్లోరైడ్ నుంచి తప్పించుకోవడానికి మాకు దొరికిన నీళ్లు అవే.

గని వస్తే అసలు తలనొప్పి గోతిలో కాదు, పక్కన పోసే పిండిలో. ఇలాంటి ఖనిజంలో టన్ను రాయికి కిలో అటూ ఇటూ యురేనియం ఉంటుంది. మిగిలిందంతా మెత్తగా నూరిన రాతిపిండి. దాన్ని నీళ్లతో కలిపి కట్ట వేసి నిలవ చేస్తారు. తీసుకుపోయింది యురేనియంను, దాని సంతానమైన థోరియం, రేడియం ఆ పిండిలోనే ఉండిపోతాయి. రాయిలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం అక్కడే మిగులుతుంది. రేడియం సగం కావడానికి 1,600 ఏళ్లు. నల్గొండ పక్కన పానగల్లు గుడులు కట్టి తొమ్మిది వందల ఏళ్లయింది అనుకుంటే, అప్పుడు ఆ గర్భగుడిలో ఎవరైనా రేడియం దాచి ఉంటే ఈరోజుకు ఇంకా మూడింట రెండు వంతులు ఉండేది. ఆ పిండి నిలవకు తెలుగు పేపర్లు ‘వ్యర్థాల చెరువు’ అని రాస్తాయి. చెరువు అనే మాటకు ఇంతకంటే అవమానం లేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో అలాంటి నిలవ చుట్టూ రైతులు తమ బోర్లు పాడయ్యాయని ఏళ్లుగా మొరపెడుతున్నారు.

కుంటలు, చిత్తడి నేలలు విషాన్ని పట్టి ఉంచుతాయి కదా అని పుస్తకం చదివినవాళ్లు అడగొచ్చు. నిజమే. బురద అడుగున గాలి ఆడని చోట ఉండే బాక్టీరియా, కరిగిన యురేనియంను కరగని రూపంలోకి మార్చి మట్టిలో కూర్చోబెట్టగలవు. కుళ్లిన ఆకులూ కొంత పట్టుకుంటాయి. అయితే ఏడాది పొడుగునా తడి ఉంటేనే ఆ పట్టు నిలిచేది. మన కుంటలు వైశాఖానికి ఎండి పగుళ్లిస్తాయి. పగుళ్లలోంచి గాలి దిగుతుంది, మట్టిలో కూర్చున్నది మళ్లీ కరిగే రూపానికి తిరుగుతుంది. మృగశిర కార్తెలో మొదటి వాన దాన్ని కడిగి వాగులో పోస్తుంది. మన వాతావరణంలో చిత్తడి నేల కాపలాదారే, కానీ ఎండాకాలం సెలవు మీద పోయే కాపలాదారు.

చట్టం సంగతి ఇంకా చిత్రం. 2017 చిత్తడి నేలల నిబంధనలు నదీ కాలువలను, వరి పొలాలను, సాగుకో తాగునీటికో మనుషులు కట్టిన చెరువులను లెక్కలోంచి తీసేశాయి. తెలంగాణలో చెరువులు దాదాపు అన్నీ మనుషులు కట్టినవే. ఇక చెలమ, ఊట, జాలు అన్న పేర్లే అందులో లేవు. చెంచుల్లాంటి ఆదిమ తెగలకు తాము బతికే ప్రాంతం మొత్తం మీద ఆవాస హక్కు అడిగే వీలు మాత్రం 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకాన్ని 2013లో డోంగ్రియా కోందుల పన్నెండు గ్రామసభలు వద్దన్నది కూడా ఆ చట్టం బలంతోనే. ఆవాస హక్కు అడగాలంటే ముందు ఆ ఆవాసంలో ఏమేం ఉన్నాయో రాసివ్వాలి.

నా మీటరు చూపించిన అంకెను అవ్వకు చెప్పాను. మంచి నీళ్లేనా అని అడిగింది. ఉప్పులు తక్కువున్నాయి అన్నాను. యురేనియం ఉందో లేదో ఆ మీటరుకు తెలియదు, మిల్లీగ్రాములు లెక్కపెట్టే పరికరం మైక్రోగ్రాములను ఎక్కడ చూస్తుంది! మాట మార్చడానికి, ఎండాకాలం ఈ చుట్టుపక్కల నీళ్లు దొరికే చోట్లు ఎన్ని ఉంటాయని అడిగాను. బిందె దించి, బండ మీద కూర్చుని, ఒక్కోదానికి ఒక్కో పేరు చెప్తూ వేళ్లు మడవడం మొదలుపెట్టింది. రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి. మళ్లీ చిటికెన వేలు దగ్గరికి వచ్చింది.