‘సూక్ష్మీకరించుము’ అన్న మాట దగ్గరే తగాదా

విశాఖపట్నం ఇంజనీరింగ్ కళాశాలల్లో ల్యాబ్ పరీక్షలు దగ్గరపడగానే పాత ఫిర్యాదు మళ్లీ లేచింది. ప్రశ్నలో ‘సూక్ష్మీకరించుము’ అని ఉంటుంది. వర్గమూలంలో వర్గమూలం ఇమిడిన సమాసాన్ని (గణిత వ్యక్తీకరణను) పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో బీజగణితం చేసిపెట్టే సింపై లైబ్రరీకి ఇచ్చి, సూక్ష్మీకరణకు ఉద్దేశించిన సింప్లిఫై ఫంక్షన్‌ను నడిపితే జవాబుల కీలో ఉన్న రూపం రావడం లేదని, మార్కులు పోతున్నాయని విద్యార్థులు అంటున్నారు. లోపం లైబ్రరీదేనని కొందరు అధ్యాపకుల వాదన.

ఈ తగాదాకు అసలు మూలం 1968లో ఉంది. పై, 2 యొక్క లాగరిథమ్, సైన్, ఘాతీయ ప్రమేయం, పరమమూల్యం (రుణ గుర్తు తీసేసిన విలువ) వంటివాటితో కట్టిన ఒక సమాసం అన్ని విలువలకూ సున్నాయేనా కాదా అని ప్రతి సందర్భంలోనూ తేల్చగల పద్ధతి ఏదీ ఉండదని ఆ ఏడాది గణిత శాస్త్రజ్ఞుడు డేనియల్ రిచర్డ్‌సన్ నిరూపించారు. రెండు సమాసాలు సమానమో కాదో ఎల్లవేళలా తేల్చలేనప్పుడు, ఏ సమాసాన్నైనా దాని అత్యంత సరళ రూపానికి తీసుకువస్తానని ఏ ప్రోగ్రామూ హామీ ఇవ్వలేదు. 1971లో కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు జోయెల్ మోజెస్, వాడుకరి ఇచ్చిన సమాసాన్ని ఎంతవరకు మార్చాలన్నదాని మీదనే ఇలాంటి వ్యవస్థల రూపకర్తలు వేర్వేరు దారులు పట్టారని వివరించారు.

సింపై పట్టిన దారిలో దాపరికం లేదు. సింప్లిఫై అనేక పద్ధతులను ప్రయత్నించి, సమాసంలోని పరిక్రియల (కూడిక, గుణకారం వంటివాటి) సంఖ్యను కొలతగా తీసుకుంటుంది. వచ్చిన ఫలితం మొదటిదానికి 1.7 రెట్లు మించితే దాన్ని వదిలి, ఇచ్చిన సమాసాన్నే తిరిగి ఇస్తుంది. ఎక్స్ గురించి ఏమీ చెప్పకపోతే దాన్ని సంకీర్ణ సంఖ్యగా (రుణసంఖ్యల వర్గమూలాలనూ కలుపుకొన్న సంఖ్యగా) భావిస్తుంది కనుక √(ఎక్స్²) అలాగే ఉంటుంది. వాస్తవ సంఖ్య అని చెబితే పరమమూల్యం, ధనసంఖ్య అని చెబితే ఎక్స్ వస్తుంది. ఎక్స్ విలువ −3 అయితే √(ఎక్స్²) విలువ 3, కాబట్టి చెప్పకుండానే ఎక్స్ అని ఇవ్వడం తప్పే అవుతుంది. దీన్ని లోపమనడం నాకు సమంజసంగా తోచదు.

ఇమిడిన వర్గమూలాలను విప్పడం మరింత కష్టమైన పని. √(5+2√6) అంటే √2+√3 అని చూడగానే తట్టేవారు ఉన్నారు. 1905లో కుంభకోణం విడిచి మన విశాఖ వైపు బయలుదేరిన రామానుజన్, 1911లో అనంతంగా ఇమిడిన వర్గమూలాల సమస్యను ఇచ్చి చదువరులను ఆలోచింపజేశారు. దాని జవాబు 3. ఆయనకు తట్టినట్లు యంత్రానికి తట్టదు. దానికి పద్ధతి కావాలి. వర్గమూలాల లోతు తగ్గించే పద్ధతిని కంప్యూటర్ శాస్త్రజ్ఞులు బొరోడిన్, ఫేగిన్, హాప్‌క్రాఫ్ట్, టోంపా 1985లో ప్రచురించారు. సింపైలో ఈ పనికి ప్రత్యేకమైన ఫంక్షన్ ఉంది. సింప్లిఫై ఒక్కటే చాలునని ఎవరూ అనలేదు.

అధ్యాపకుల వాదనలోనూ కొంత న్యాయం ఉంది: కీతో పోల్చి దిద్దాలంటే జవాబు ఒకే రూపంలో ఉండాలి. అయితే నేను చూసిన ప్రశ్నల్లో ‘ఎక్స్ ధనసంఖ్య’ అన్న మాట లేదు. కీలో మాత్రం జవాబు ఎక్స్ అనే ఉంది.