అపోహలు – వాస్తవాలు: యాంటీబాడీలు వచ్చాక హెచ్ఐవీకి గోలీలెందుకు?

కరోనా తర్వాత మా ఐసీటీసీలో (హెచ్ఐవీ కౌన్సెలింగ్, టెస్టులు చేసే కేంద్రంలో) ఒక ప్రశ్న బాగా ఎక్కువైంది. రిపోర్టులో రియాక్టివ్ అని, అంటే ఒంట్లో హెచ్ఐవీకి యాంటీబాడీలు కనపడ్డాయని ఉంటుంది. అది యాంటీబాడీల టెస్టు అని చెప్పగానే ఎదుటి మనిషి ముఖం కాస్త తేటపడుతుంది. "యాంటీబాడీలు ఉన్నయంటే మంచిదే గద మేడం? కరోనాకు అట్లనే చెప్పిన్రు." వరంగల్‌లో కౌన్సెలర్‌గా ఇన్నేళ్లు చేసినా, ఆ ఆశ మీద నీళ్లు పోయడం నాకిప్పటికీ కష్టమే. పోయకుండా ఊరుకుంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

పోయిన ఎండాకాలం మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే ఒక కాక వచ్చాడు. (గుర్తుపట్టే వివరాలు మార్చాను.) సంచిలోంచి మూడు డబ్బాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఒకదాంట్లో పన్నెండు గోలీలు తగ్గాయి. మిగతా రెండింటికి సీలు కూడా తీయలేదు. మాట మాటకూ దగ్గు. "నా ఒంట్ల యాంటీబాడీలు తయారైనయట బిడ్డా, ఫోన్ల చూపిచ్చిన్రు. ఇగ గోలీలెందుకని ఆపిన" అన్నాడు. ఆ వీడియో చేసినవాళ్లు ఎవరో నాకు తెలియదు. తెలిస్తే ఆ డబ్బాలు తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టేదాన్ని.

కాకకు ఊళ్లో రెండెకరాల పత్తి ఉంది. అందుకే పత్తి నుంచే మొదలుపెట్టాను. "కాకా, బీటీ గింజలు వచ్చిన కొత్తల కాయల పురుగు ఉండెనా?" "లేకుండె." "ఇప్పుడు?" "గులాబీ పురుగు ఇడుస్తలేదు గద బిడ్డా!" బీటీ విషానికి పురుగులన్నీ చచ్చాయి. ఎక్కడో ఒకటీ అరా మాత్రం తట్టుకుని మిగిలాయి. ఇప్పుడు చేనంతా వాటి సంతానమే. హెచ్ఐవీ ముందు మన యాంటీబాడీల పరిస్థితీ అంతే. తేడా ఏమిటంటే, పురుగుకు ఏళ్లు పట్టిన పని వైరస్‌కు వారాల్లో అయిపోతుంది.

ఈ వైరస్ జన్యువులో సుమారు 9,700 అక్షరాలుంటాయి. మందు వాడని ఒంట్లో రోజుకు వందల కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయి. జన్యువును నకలు తీసే ఎంజైముకు తప్పు దిద్దుకునే అలవాటు లేదు కాబట్టి ఎక్కడో ఒక అక్షరం మారుతూనే ఉంటుంది. యాంటీబాడీలు పట్టుకోవాల్సింది వైరస్ పైనున్న జీపీ120 అనే ప్రొటీన్‌ని. దాని బరువులో దాదాపు సగం చక్కెరలే. ఆ చక్కెరల్ని అతికించేది మన కణమే కనుక, ఒంటికి అవి పరాయివిగా కనపడవు. ఒక చక్కెర పక్కకు జరిగినా, పై మడత కాస్త మారినా, నిన్న అతుక్కున్న యాంటీబాడీ ఇవాళ అతుక్కోదు. అందుకే మందు వాడని మనిషి రక్తంలోని యాంటీబాడీలు కొన్ని నెలల కిందటి వైరస్‌ను బాగానే అడ్డుకుంటాయి కానీ, ఆ రోజు ఒంట్లో తిరుగుతున్న వైరస్‌ను అడ్డుకోలేవు. కొందరిలో కొన్నేళ్లకు చాలా రకాల మీద పనిచేసే గట్టి యాంటీబాడీలు వస్తాయి. అప్పటికీ సొంత ఒంట్లోని వైరస్ తప్పించుకునే ఉంటుంది.

ఈ విద్య వైరస్ మనుషుల దగ్గర నేర్చుకున్నది కాదు. హెచ్ఐవీ-1లో లోకమంతా పాకిన రకం ఆగ్నేయ కామెరూన్ అడవుల్లోని చింపాంజీల నుంచి వచ్చింది. అక్కడ శాస్త్రవేత్తలు చింపాంజీల పెంటికలు ఏరుకొచ్చి, వాటిలో యాంటీబాడీల కోసం వెతికారు. యాంటీబాడీ దొరికిందంటే ఆ చింపాంజీలో వైరస్ ఉన్నట్టు. మా టేబుల్ మీది టెస్టు చెప్పేదీ అదే. చింపాంజీలను ఆ యాంటీబాడీలు కాపాడుతున్నాయా అంటే, టాంజానియాలోని గోంబేలో ఏళ్ల తరబడి గమనించి 2009లో లెక్క చెప్పారు: వైరస్ ఉన్నవాటికి చావు ముప్పు 10 నుంచి 16 రెట్లు ఎక్కువ.

గోలీ దెబ్బ కొట్టేది ఈ పైతొడుగు మీద కాదు. మేమిచ్చే గోలీ పేరు టీఎల్‌డీ, దాంట్లోని మూడు మందుల్లో రెండు వైరస్ నకలు తీసుకోకుండా ఆపుతాయి. మూడోది ఆ నకలు మన జన్యువులో అతుక్కోకుండా చూస్తుంది. ఒక్క అక్షరం మారితే ఈ మూడింటి నుంచీ తప్పించుకోవడం కుదరదు. నాలుగు రోజులు వేసి నాలుగు రోజులు మానేస్తే మాత్రం, అరకొర మందు కొట్టిన చేనులో పురుగులాగా తట్టుకునేవి మిగులుతాయి. కాకకు టీబీ తేలింది. దానికి మందులు మొదలయ్యాయి, గోలీలూ మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడు నెలనెలా వస్తున్నాడు.

వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) కనపడటం లేదంటే మందు పనిచేస్తోందని అర్థం, ఆపమని కాదు. అనుమానం కలిగిన వారానికే టెస్టు చేయించుకుని నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండకండి, మూడు నెలలకు మళ్లీ రండి. కోతి కరిస్తే ఎయిడ్స్ వస్తుందని పరుగెత్తుకొచ్చేవాళ్లూ ఉన్నారు. మన ఊళ్ల మీద పడే కోతుల్లో సహజంగా అలాంటి వైరస్ లేదు, అది ఆఫ్రికా కోతులది. మీకున్న అసలు భయం రేబిస్. గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే టీకాకు వెళ్లండి.

ఒక అమ్మమ్మ తొమ్మిది నెలల మనవణ్ణి ఎత్తుకుని ఏడుస్తూ వచ్చింది. బయట ఎక్కడో యాంటీబాడీ టెస్టు చేయిస్తే రియాక్టివ్ వచ్చిందట. ఆరు వారాలప్పుడు చేసిన పీసీఆర్ (యాంటీబాడీలను కాక వైరస్‌నే వెతికే టెస్టు) నెగెటివ్, తల్లి మందులు తప్పకుండా వేసుకుంటోంది. అవి తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, 18 నెలల దాకా ఉండొచ్చు, అప్పుడు చేసే టెస్టుతోనే ఖాయంగా తెలుస్తుంది అంటే ఆమె నమ్మలేదు. పీసీఆర్ మళ్లీ చేయించాం, అదీ నెగెటివే. అయినా ఆ తొమ్మిది నెలలూ టెన్షన్‌తోనే గడిపింది. 18 నెలలు నిండాక నాన్ రియాక్టివ్ అని వచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.