ఎర్రగడ్డకు పాయింట్లు ఎన్ని?

అప్లైడ్ లింగ్విస్టిక్స్, అంటే భాషాశాస్త్రాన్ని పాఠాలకూ నిఘంటువులకూ వాడే విద్య, చెబుతానంటే తిరుపతిలో వెంటనే వచ్చే ప్రశ్న: "అంటే మీరు తెలుగు సారా, ఇంగ్లీషు సారా?" అడగడంలో తప్పు లేదు. మన దగ్గర ఈ శాస్త్రం పెరిగింది ఆ రెండు శాఖల పంచనే.

1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టే నాటికి భాషాశాస్త్రం నేర్పే చోట్లు దేశంలోనే తక్కువ. పెన్సిల్వేనియాలో డాక్టరేట్ చేసి వచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తి కూడా 1961లో ఇక్కడ చేరింది తెలుగు రీడరుగానే. ఏడాది తిరిగేసరికి ఉస్మానియాలో భాషాశాస్త్ర ఆచార్యుడిగా వెళ్లిపోయారు. చిత్తూరు జిల్లా మనిషే అయిన జి.ఎన్. రెడ్డి మాత్రం ఇక్కడే తెలుగు శాఖలో ఉండి నిఘంటువుల పని చేశారు, వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. ఇంగ్లీషు వైపు దారి వేరు. బోధనలో శిక్షణ కావాలంటే 1958లో హైదరాబాద్‌లో వెలసిన ఇంగ్లీషు సంస్థ వైపు చూడాల్సిందే. ద్రావిడ భాషల కోసమంటూ కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం రావడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది.

అసలు పని జరిగింది పొలాల్లో. కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం (వృత్తుల వాళ్లు ఊళ్లలో వాడే మాటల నిఘంటువు) మొదటి సంపుటం వ్యవసాయానిది. ఊరూరా తిరిగి రైతుల నోటి నుంచి ఏరిన మాటలవి. తెలుగును నాలుగు మాండలికాలుగా విడదీసింది వాటి ఆధారంతోనే. అందులో చిత్తూరు దక్షిణ మండలంలో పడింది.

ఇదంతా పండితుల గొడవ అనుకుంటే పొరపాటు. ఇక్కడి పిల్లకు ఇంట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ, చెనిక్కాయ. పుస్తకంలోనేమో ఉల్లిపాయ, వెల్లుల్లి, బంగాళాదుంప, వేరుశెనగ. కుప్పం వైపు ఆ ఇంట్లోనే తమిళమో కన్నడమో కూడా వినపడుతుంది. ఈ తేడా తెలిసి పాఠం రాయడమే అప్లైడ్ లింగ్విస్టిక్స్.

అలాంటి పని చేసేవాళ్ల ప్రమోషన్‌కు 2010లో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ఏపీఐ లెక్క తెచ్చింది, అంటే చేసిన పనికి ఇన్నేసి పాయింట్లని. రెఫరీడ్ జర్నల్‌లో (నిపుణులు పరిశీలించాకే వేసే పత్రికలో) ఒక వ్యాసానికి 15 పాయింట్లు. స్థానిక ప్రచురణకర్త వేసిన పుస్తకం సొంతంగా రాస్తే దానికీ 15. ఊళ్లు తిరిగి ఏళ్ల తరబడి మాటలు ఏరి చిత్తూరులో అచ్చు వేయించినా అంతే. 2018లో నిబంధనలు మార్చారు. అప్పటికి ఒక తరం అధ్యాపకులు ఆ లెక్కతోనే ఏం రాయాలో తేల్చుకున్నారు.