బీరువా మోసే నలుగురు

పిల్లలూ,

మీ నాన్న రాసిన ఉత్తరం చివర మీరు పెన్సిల్‌తో రాసిన ప్రశ్న చదివాను. "తాతయ్యా, మన పాత జీపుకు నాలుగు చక్రాలూ లాగుతాయన్నావు. మొన్న వానకు బురదలో దిగబడితే వెనక ఒకటీ ముందు ఒకటీ గిర్రున తిరిగాయి. మిగతా రెండూ కదలనే లేదు. ఎందుకు?" పెద్దవాళ్లు బండిని నెట్టే తొందరలో ఉంటే చక్రాల వంక చూసింది మీరే. ఎంత సంతోషమనిపించిందో!

నలుగురు కలిసి బరువైన బీరువా మోయడం చూశారు కదా? తిన్నగా నడిచినంతసేపు అందరి అడుగులూ సమానం. మలుపు వస్తే లోపలివాడు దాదాపు ఉన్నచోటే అడుగులేస్తాడు, బయటివాడు అంగలు వేయాలి. జీపు చక్రాలూ అంతే. ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బిన ఇనుప గుండు ఉంటుంది చూడండి, దానిలోని పళ్లచక్రాల అమరికను డిఫరెన్షియల్ అంటారు. 'నువ్వు మెల్లగా, నువ్వు వేగంగా' అంటూ ఇద్దరు మోతగాళ్లకు సర్దిచెప్పే పెద్దమనిషి అది. వెనక జంటకు ఒకరు, ముందు జంటకు ఒకరు ఉన్నారు.

ఆ పెద్దమనిషికి ఒక నియమం ఉంది. జంటలో ఇద్దరికీ బలం సమానంగానే పంచుతాడు. బురదలో జారే చక్రాన్ని తిప్పడానికి కొద్ది బలం చాలు. కాబట్టి గట్టి నేల మీదున్న దాని జతకూ ఆ కొద్దే అందుతుంది. దానితో బండి కదలదు. మీరు చూసింది ఇదే. తప్పు ఏ చక్రానిదీ కాదు.

ముందు జంటకూ వెనక జంటకూ మధ్య మాత్రం మన జీపులో సర్దిచెప్పేవాడు లేడు. ముందు చక్రాలకూ బలం అందించే పొట్టి లివరు వేశామంటే రెండు జంటలూ ఒకే లెక్కన నడవాలి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం పోవాలి కదా! బురదలో అయితే కాస్త జారి సర్దుకుంటాయి. పొడి తారురోడ్డు మీద జారే వీల్లేక, బీరువాను నలుగురూ నాలుగు వైపులకు లాగినట్టు, ఇరుసులకు బలం చేరవేసే షాఫ్టులనే ఇనుప కడ్డీలు మెలిపడతాయి. స్టీరింగ్ బరువెక్కుతుంది, లివరు బయటికి రానంటుంది. అందుకే గట్టి రోడ్డెక్కగానే మీ నాన్న దాన్ని తీసేస్తాడు. అన్నట్టు, మెట్లెక్కేటప్పుడు మోతగాళ్లు చిన్న చిన్న అడుగులు వేస్తారే, బండిని మెల్లగా, ఎక్కువ బలంతో నడిపే 'లో' గేరు అదే. మోతగాళ్లకు మోకాళ్లున్నట్టు షాఫ్టులకు క్రాసులనే వంగే కీళ్లుంటాయి. పాత గ్రీజు బయటికి వచ్చేదాకా వాటికి కొత్త గ్రీజు కొట్టాలి.

మీ వయసులో నాకు మా మామయ్య జీపు దగ్గర దీపం పట్టే పని ఉండేది. స్పానర్ అడిగితే ఇవ్వాలి, విప్పిన నట్లను విప్పిన వరసలోనే గుడ్డ మీద పరచాలి. ఒకసారి దూరం నుంచి వస్తూ ఆయన బండిని నేరుగా వాగులోకి దించారు. మర్నాడు ఇరుసు నూనె దింపితే పాలరంగులో వచ్చింది! వేడెక్కిన ఇరుసు చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి బయటినుంచి పీల్చుకుంటుందట. గాలి పీల్చడానికి పైన చిన్న గొట్టం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోవడం వల్ల, నూనె కారకుండా ఆపే సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చింది. నాకు ఆ ఇనుము ఊపిరి తీసుకుంటున్నట్టే అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

ఆ రోజు నేను ఉత్సాహంగా కింది బిరడా మీద స్పానర్ వేశాను. మామయ్య చెయ్యి పట్టుకుని ఆపారు. "ముందు పై బిరడా విప్పు. అది తుప్పుపట్టి రాకపోతే, నూనె దింపాక తిరిగి ఎలా పోస్తావు?" ఖాళీ చేసేముందు నింపే దారి ఉందో లేదో చూసుకోవాలన్న ఆ మాట నాకు జీపు దగ్గరే కాదు, చాలాచోట్ల పనికొచ్చింది. మీరూ గుర్తుపెట్టుకోండి.

ఈ జాతి బండ్లకు పెద్దన్న లాంటి యుద్ధకాలపు జీపును 1941 నుంచి 1945 దాకా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 6 లక్షలకు పైగా తయారుచేశాయి. ఎక్కడ ఆగితే అక్కడే బాగుచేసుకోవాల్సిన బండి అది. ఆ సుగుణం మన జీపుకూ వచ్చింది. దాని కింద పడుకుంటే ఏది దేన్ని తిప్పుతుందో కంటితో చూడవచ్చు.

డిఫరెన్షియల్ లోపలి పళ్ల సంగతి కాగితం మీద గీద్దామని రెండుసార్లు ప్రయత్నించి మానేశాను. చేత్తో తిప్పి చూడాల్సిందే. ఆదివారం మీ నాన్నను అడగండి. చదునైన నేల మీద ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టి, పొట్టి లివరు తీసి, బండిని గేరులో ఉంచి, ఇంజను ఆపి, వెనక చక్రాలు రెండూ పైకెత్తమనండి. జాకీని నమ్మకూడదు, ఇరుసు కింద గట్టి స్టాండ్లు ఉండాలి. మీరు బండి కిందికి దూరకండి. పక్కన నిలబడి ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పండి, అవతలి చక్రం దగ్గర ఒకరు ఉండి చూడండి.

అది ఎటు తిరిగిందో నాకు రాయండి.

మీ తాతయ్య