సానియా మొదటి టైటిల్ ఏదంటే అందరూ 2005 అంటారేంటండీ?

మొన్న వానకి మా క్లబ్బు కోర్టు చిత్తడైపోయి, ఆట లేక అందరం రేకుల షెడ్డు కింద కూర్చుని టీ తాగుతుంటే, సానియా మీర్జా మొదటి డబ్ల్యూటీఏ (ఆడవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ టూర్) టైటిల్ ఎప్పుడు గెలిచిందన్న మాటొచ్చింది. "2005 కదండీ, హైదరాబాద్‌లో" అన్నారు లాయరు గారు, మిగతావాళ్లు కూడా అవునంటే అవునన్నారు. కాదండీ, 2004, అది కూడా హైదరాబాదే, కాకపోతే డబుల్స్ అన్నాన్నేను. "ఓ... డబుల్సా" అన్నారాయన, అదేదో లెక్కలోకి రానట్టు. ఆ "ఓ" నా బుర్రలోంచి పోలేదు, అందుకే ఇది రాస్తున్నా.

ఇంతా చేసి ఆ లాయరు గారు జీవితంలో సింగిల్స్ ఆడుంటారని నేననుకోను. మా కోనసీమ క్లబ్బుల్లో ఉండేది ఒక్క కోర్టు, సాయంత్రం అయిదున్నరకల్లా వచ్చేది పదిమంది, ఇద్దరే కోర్టంతా ఆక్రమించి ఆడతామంటే ఊరుకుంటారేంటి? మా మార్కర్, అంటే కోర్టు చూసుకునేవాడు, సున్నం వేసేటప్పుడు 36 అడుగుల వెడల్పు డబుల్స్ గీతలు చక్కగా దిద్దుతాడు, లోపల 27 అడుగుల దగ్గర ఉండే సింగిల్స్ గీత మాత్రం వెలిసిపోయి కనబడీ కనబడకుండా ఉంటుంది, అది అవుటో లోపలో ఎవడూ అడగడు కాబట్టి. అంటే మనకి టెన్నిస్ అంటేనే డబుల్స్, పేపర్లో టీవీలో మాత్రం టెన్నిస్ అంటే సింగిల్స్.

ఈ చిన్నచూపు నిన్నామొన్నటిది కాదు. వింబుల్డన్‌లో ఆడవాళ్ల సింగిల్స్ 1884లో మొదలైంది, మగవాళ్ల డబుల్స్ కూడా అదే ఏడు. ఆడవాళ్ల డబుల్స్ అసలు ఛాంపియన్‌షిప్‌గా వచ్చింది 1913లో, 29 ఏళ్ల తర్వాతన్నమాట. వచ్చాక మాత్రం అందులో బతికేసిన వాళ్లున్నారు. ఎలిజబెత్ రయాన్ అని అమెరికా ఆవిడ, వింబుల్డన్‌లో 12 మహిళల డబుల్స్, 7 మిక్స్‌డ్ (ఆడ, మగ జోడీ) డబుల్స్ కలిపి మొత్తం 19 టైటిల్స్ గెలిచింది, సింగిల్స్ ఒక్కటీ లేదు. ఆ రికార్డుని బిల్లీ జీన్ కింగ్ 1979లో నవ్రతిలోవాతో కలిసి డబుల్స్ గెలిచి దాటింది, రయాన్ సరిగ్గా దాని ముందు రోజే వింబుల్డన్‌లోనే కుప్పకూలి చనిపోయింది. సినిమాలో పెడితే అతిగా ఉందంటారు, కానీ నిజం.

ఆ రోజుల్లో పెద్ద ప్లేయర్లందరూ రెండూ ఆడేవారు. నవ్రతిలోవా, పామ్ ష్రైవర్ జోడీ 1983 నుంచి 1985 వరకు వరసగా 109 మ్యాచ్‌లు గెలిచారు. స్విట్జర్లాండ్ ప్లేయర్ మార్టినా హింగిస్ కూడా 1998లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల (ఏడాదికి నాలుగే జరిగే పెద్ద టోర్నీలు, వింబుల్డన్ అందులో ఒకటి) డబుల్సూ గెలిచేసింది, అప్పటికామె సింగిల్స్‌లోనూ టాపే. తర్వాత సింగిల్స్‌లో డబ్బు బాగా పెరిగింది, ఆట స్పీడైంది, ఒంట్లో ఓపిక సింగిల్స్‌కి దాచుకోవడం మొదలెట్టారు, డబుల్స్ మెల్లగా వేరే వాళ్ల ఉద్యోగమైపోయింది. విలియమ్స్ అక్కచెల్లెళ్లది వేరే లెక్క, గ్రాండ్‌స్లామ్ డబుల్స్ ఫైనల్స్ 14 ఆడి పద్నాలుగూ గెలిచారు, వాళ్లని పక్కన పెట్టండి. తేడా ఎంతో తెలియాలంటే 2024 వింబుల్డన్ చూడండి, సింగిల్స్ గెలిస్తే 27 లక్షల పౌండ్లు, డబుల్స్ గెలిచిన జోడీకి ఆరున్నర లక్షలు, అదీ ఇద్దరూ పంచుకోవాలి.

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం. అక్కడ డబ్ల్యూటీఏ టోర్నీ 2003, 2004, 2005 మూడేళ్లు జరిగింది, ఆ తర్వాత బెంగళూరు ఎత్తుకుపోయింది. 2004 ఫిబ్రవరిలో సానియాకి 17 ఏళ్లు, దక్షిణాఫ్రికా ప్లేయర్ లీజెల్ హ్యూబర్‌తో జత కట్టి ఫైనల్లో చైనా జోడీ లీ టింగ్, సన్ టియాన్‌టియాన్‌ని 7-6, 6-4తో కొట్టింది. ఆ ఓడిపోయిన చైనా అమ్మాయిలు ఎవరనుకున్నారు? ఆర్నెల్లు తిరక్కుండా ఏథెన్స్ ఒలింపిక్స్‌లో డబుల్స్ గోల్డ్ పట్టుకెళ్లిన వాళ్లే! మన పిల్ల వాళ్లనే ఓడించింది, ఆ సంగతి ఎక్కడైనా ఎవరైనా చెప్పారా? 2005లో సానియా సింగిల్స్ గెలిచింది, ఒక భారతీయురాలు డబ్ల్యూటీఏ సింగిల్స్ గెలవడం అదే మొదటిసారి కాబట్టి అందరికీ అదే గుర్తుండిపోయింది, అందులో తప్పులేదు. కానీ అదే వారం, అదే ఊళ్లో డబుల్స్ కప్పు ఎత్తిన యాన్ జీ, జెంగ్ జీ మరుసటేడు ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్ రెండూ గెలిచారు. సింగిల్స్‌లో అందరితో పోటీ పడటం కష్టం, జోడీగా తర్ఫీదిస్తే మెడల్ దగ్గరవుతుందని చైనా వాళ్లు ముందే లెక్కేసుకుని మహిళల డబుల్స్ మీద పడ్డారు. ఆ లెక్క ఫలించడం మన హైదరాబాద్ కోర్టుల్లోనే కనబడింది, మనం మాత్రం పక్క కోర్టు చూసుకుంటున్నాం.

సానియా సింగిల్స్ ర్యాంకు 2007లో 27 దాకా వెళ్లింది, తర్వాత మణికట్టు, మోకాలు తిప్పలు పెట్టి చివరికి సింగిల్స్ మానేసింది. అప్పుడు "అయిపోయిందిలే" అన్నవాళ్లు మా షెడ్డు కిందే ఉన్నారు, పేర్లెందుకు. హింగిస్‌తో కలిశాక 2015 ఏప్రిల్లో డబుల్స్ నంబర్ వన్ అయింది. ఆ ఏడు వింబుల్డన్ ఫైనల్లో మకరోవా, వెస్నినా మీద మూడో సెట్‌లో 2-5 వెనకబడి 7-5తో లాగేశారు. తర్వాత యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్, వరసగా 41 గెలుపులు.

ఆ వరస తెగింది దోహాలో, సూపర్ టైబ్రేక్‌లో. మామూలు టూర్ టోర్నీల్లో డబుల్స్‌కి మూడో సెట్ ఉండదు, దాని బదులు సూపర్ టైబ్రేక్ అని 10 పాయింట్లకి ఒక్క గేమ్ పెట్టేస్తారు, డ్యూస్ (40-40 సమానం) దగ్గర అడ్వాంటేజ్ (వరసగా రెండు పాయింట్లు గెలవాలన్న పద్ధతి) కూడా లేదు, ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. మ్యాచ్ తొందరగా అయిపోతుంది, కోర్టు ఖాళీ అవుతుంది, సింగిల్స్ వాళ్లు కూడా ఆడతారేమోనని ఆశ. నాకైతే ఇది పంక్తి భోజనంలో పెరుగు రాకముందే విస్తరి లాగేసినట్టుంటుంది. వింబుల్డన్‌లో మూడో సెట్ పూర్తిగా ఆడించారు కాబట్టే 2-5 నుంచి లేచారు, టూర్ రూలైతే ఆ సెట్టే ఉండేది కాదు.

ఇదంతా చెప్పేసరికి వాన తగ్గింది, మార్కర్ వచ్చి ఈరోజు రోలర్ తిరగదు, మట్టి అంటుకుపోతోందని చెప్పేసి వెళ్లాడు. లాయరు గారు లేస్తూ లేస్తూ, "ఇంతకీ ఆ 2004లో మనమ్మాయితో ఆడినావిడ పేరేదో అన్నారు, ఏంటండీ అది" అన్నారు.

లీజెల్ హ్యూబర్ అండీ, మళ్లీ చెప్పాను.