డాష్ దగ్గర లైన్ ఎటు విరగాలి?

లైన్ చివరికి డాష్ వచ్చిందనుకోండి. దాన్ని అక్కడే ఉంచాలా, కింది లైన్‌కు దించాలా? ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా చేస్తుంది. కొన్నిసార్లు ఒకే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ డాష్‌ను ఎలా టైప్ చేశామన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఎవరూ కావాలని ఇలా పెట్టలేదు, టైప్‌రైటర్ కాలం నుంచి పేరుకుంటూ వచ్చింది.

సీసపు అక్షరాల రోజుల్లో పొట్టి గీత హైఫన్ (-), దానికంటే పొడవైన ఎన్ డాష్ (–), ఇంకా పొడవైన ఎమ్ డాష్ (—) మూడూ వేర్వేరు ముక్కలు. చేత్తో కంపోజ్ చేసేవాడు ఏది వాడాలో, లైన్ ఎక్కడ తెంపాలో చూసుకుని తేల్చుకునేవాడు. టైప్‌రైటర్ వచ్చాక మూడింటికీ ఒకే మీట మిగిలింది. డాష్ కావాలంటే దాన్నే రెండుసార్లు కొట్టేవారు. కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో కోడ్ కేటాయించిన 1963 నాటి ఆస్కీ ప్రమాణం కూడా హైఫన్‌కూ మైనస్‌కూ కలిపి ఒకే కోడ్ ఇచ్చి ఊరుకుంది.

1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ పుస్తకాల పేజీలు కూర్చే ‘టెక్’ (TeX) అనే సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టేసరికి కీబోర్డు మీద ఉన్నది ఆ ఒక్క గుర్తే. అందుకే వరసగా రెండు హైఫన్లు కొడితే ఎన్ డాష్, మూడు కొడితే ఎమ్ డాష్ వచ్చేలా ఫాంట్‌లోనే ఏర్పాటు చేశారు. టెక్‌లో హైఫన్ తర్వాత లైన్ విరగొచ్చు. డాష్ కూడా హైఫన్లతోనే తయారవుతోంది కాబట్టి దానికీ అదే నియమం వచ్చిపడింది: తర్వాత విరగొచ్చు, ముందు విరగకూడదు. ఇంగ్లిష్ పుస్తకాల ఆనవాయితీ కూడా అదే కావడంతో పేచీ రాలేదు. నాకు నచ్చనిది ఒకటుంది. మాటను మధ్యలో విరిచినా, డాష్ తర్వాత విరిచినా ప్లెయిన్ టెక్ (టెక్ మూల రూపం) వేసే పెనాల్టీ, అంటే అక్కడ విరవడం ఎంత అవాంఛనీయమో చెప్పే అంకె, ఒకటే: 50. డాష్ దగ్గర పాఠకుడు ఎలాగూ ఓ క్షణం ఆగుతాడు, అక్కడ విరిస్తే నష్టమేముంది?

1991లో అన్ని భాషల అక్షరాలకూ కోడ్‌లు ఇచ్చే యూనికోడ్ ప్రమాణం మొదటి వెర్షన్ వచ్చాక ఒక్కో డాష్‌కు సొంత కోడ్ దక్కింది. చిక్కులు తగ్గకపోగా పెరిగాయి. యూనికోడ్ లైన్ విరుపు నియమాల ప్రకారం ఎమ్ డాష్‌కు ముందూ విరగొచ్చు, తర్వాతా విరగొచ్చు. ఎన్ డాష్ తర్వాత మాత్రమే విరగొచ్చు. మామూలు హైఫన్ తర్వాత వెంటనే అంకె ఉంటే అక్కడ విరగకూడదు. ఇప్పుడు ‘2019-20’ అని హైఫన్‌తో రాస్తే ముక్కలు కాదు. పద్ధతిగా ఎన్ డాష్ పెట్టి ‘2019–20’ అని రాస్తే మాత్రం ‘20’ కింది లైన్‌లోకి జారిపోవచ్చు. నియమం తెలిసి సరైన గుర్తు వాడినవాడికే శిక్ష!

టెక్‌కు కొత్త రూపమైన, యూనికోడ్‌ను నేరుగా చదివే జీటెక్ (XeTeX) 2004లో వచ్చింది. దానికి ఎమ్ డాష్ అంటే హైఫన్ల గుంపు కాదు, విడి అక్షరం. అందుకని దాని దగ్గర లైన్ విరగదు. విరగాలంటే ఒక స్విచ్ ఉంది, ఇంజిన్ డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది. పాత టెక్‌లో చక్కగా సర్దుకున్న పేరా ఇందులో మార్జిన్ దాటి బయటికి పొడుచుకొస్తే కారణం ఇదే కావచ్చు.

పోనీ, ‘డాష్ తర్వాతే విరవాలి’ అని అందరూ ఒప్పుకుంటే సరిపోతుందా? స్పానిష్‌లో వాక్యం మధ్య అదనపు మాట చేర్చేటప్పుడు మొదటి డాష్ తర్వాతి మాటకు అంటుకుని ఉంటుంది. ఆ డాష్ తర్వాత విరిస్తే అది పై లైన్ చివర అనాథలా మిగిలిపోతుంది. రష్యన్‌లో డాష్‌కు రెండు పక్కలా ఖాళీ ఉంటుంది, కానీ సంభాషణల్లో తప్ప అది లైన్ మొదట్లో రాకూడదు. అందుకే డిఫాల్ట్‌ను భాషను బట్టి పెట్టాలి తప్ప, గుర్తును బట్టి కాదు. టైప్ చేసిన తీరును బట్టి అసలే కాదు.

రెండు హైఫన్లను దానంతటదే డాష్‌గా మార్చేసే సదుపాయం మరో తలనొప్పి. వ్యాసంలో బాగానే ఉంటుంది. అదే కంప్యూటర్ కమాండ్‌లో ఆప్షన్ ముందున్న రెండు హైఫన్లు డాష్ అయిపోతే, కాపీ చేసుకున్నవాళ్లకు కమాండ్ పనిచేయదు. ఎందుకు పనిచేయలేదో కంటికి చప్పున ఆనదు కూడా.

ప్రస్తుతానికి అంకెల మధ్య డాష్ విరగకుండా ఉండాలంటే, వర్డ్ జాయినర్ అనే కనిపించని యూనికోడ్ గుర్తును దాని పక్కన మనమే పెట్టుకోవాలి. అది పెట్టిన ఫైల్‌లో తర్వాత ‘2019–20’ అని వెతికితే, కొన్ని ఎడిటర్లు ఏమీ లేదంటాయి.